డ్రీమ్ జాబితాలో లేని ఉద్యోగం

 

ఈ రోజు మీరు స్నాతకోత్సవంలో పట్టాలు అందుకున్నారు. లోపలికి వస్తూ మీ ప్లేస్‌మెంట్ బోర్డు చూశాను. మన ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో ఇప్పుడిదొక పద్ధతి. కంపెనీల్ని ప్యాకేజీని బట్టి విడగొడతారు: మామూలు కంపెనీ, డ్రీమ్ కంపెనీ, సూపర్ డ్రీమ్ కంపెనీ. ఇన్ని లక్షలు దాటితే డ్రీమ్, ఇంకాస్త దాటితే సూపర్ డ్రీమ్. మా రోజుల్లో ఎవరి కల వాళ్ళే కనాల్సి వచ్చేది. మీకు ఆ శ్రమ లేకుండా కరెంటు బిల్లుకి శ్లాబులు కట్టినట్టు కలలకీ శ్లాబులు కట్టిపెట్టారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కరెంటు శాఖలో పనిచేసినవాణ్ణి, శ్లాబుల సంగతి నాకు బాగా తెలుసు.

సూపర్ డ్రీమ్ వచ్చినవాళ్ళకి నా సలహాలతో పని లేదు. వాళ్ళకి మంచి ఆడిటర్ దొరికితే చాలు. నేను మాట్లాడాలనుకున్నది మిగతావాళ్ళతో. కావాలనుకున్న కంపెనీ రాక, వచ్చిన కంపెనీలో చేరబోతున్నవాళ్ళతో. ఫొటో దిగేటప్పుడు నవ్వి, ‘ఎక్కడ వచ్చింది?’ అని బంధువులు అడగ్గానే గొంతు తగ్గించేవాళ్ళతో. ఈ హాలులో మీరే ఎక్కువమంది.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. మీరు కోరుకున్న కంపెనీ మిమ్మల్ని ఎందుకు తీసుకోలేదు? కొందరి విషయంలో సన్నద్ధత చాలలేదేమో. అది ఎవరికి వాళ్ళకే తెలుసు, నేను చెప్పక్కర్లేదు. కానీ 2021లో పట్టా తీసుకున్న మీ సీనియర్లలో చాలామంది చేతిలో రెండేసి, మూడేసి ఆఫర్లు ఉండేవి. 2023లో బయటికొచ్చినవాళ్ళు చేతిలో ఆఫర్ లెటర్ పెట్టుకుని కూడా జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి మెయిల్ చూసుకుంటూ కూర్చున్నారు. ఆ రెండేళ్ళలో మన పిల్లల తెలివేమీ తరిగిపోలేదు. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి, అక్కడి క్లయింట్లు ఖర్చులు బిగించారు, ఆ దెబ్బ ఇక్కడి హాస్టల్ గదుల దాకా వచ్చింది. 2001లోనూ ఇంతే, 2008లోనూ ఇంతే. ఏ ఏడాది పట్టా చేతికొస్తుందన్నది మనం ఎంచుకునేది కాదు. కాబట్టి రాని ఉద్యోగాన్ని మీ విలువకు కొలతగా పెట్టుకోకండి. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, లెక్క ప్రకారం అంటున్నది.

ఇప్పుడు మన భీమవరం మనిషి ఒకాయన సంగతి చెబుతాను. బయోటెక్నాలజీ పిల్లలు ల్యాబ్ రికార్డులో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రాసే ఉంటారు. ద్రావణంలో భాస్వరం ఎంత ఉందో తేల్చే పద్ధతి, 1925 నాటిది. ఆ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన జీవితంలో మొదట కోరింది మొదట దొరికిన సందర్భం వెతకడం కష్టం. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు స్వదేశీ ఉద్యమం ఊపులో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటరుకి వెళ్ళాడు. శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చింది. ఫలితంగా ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్ వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించాడు, కుదరలేదు. చివరికి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగం. అల్లోపతి చదివినవాడు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకోవడం ఆ రోజుల్లో చుట్టాల మధ్య ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. చదువు హార్వర్డ్‌లో, పొట్టకూటికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో కింది స్థాయి చాకిరీ.

హార్వర్డ్‌లో ఆయన చేసిన పని చిన్నది కాదు. ఆ పద్ధతి పేరులో ఉన్న ఫిస్కేతో కలిసి కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియటిన్‌ని కనుక్కున్నాడు. 1929లో ఏటీపీ. జీవకణాలు శక్తిని ఏ రూపంలో వాడుకుంటాయో ఇంటర్‌లో చదువుకున్నారే, ఆ ఏటీపీయే. అదే సమయంలో జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని విడిగా కనుక్కున్నాడు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత పదవి ఇవ్వలేదు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్‌కి కాస్త దూరంలో పెరల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరాడు. మందుల కంపెనీ. మన భాషలో చెప్పాలంటే సూపర్ డ్రీమ్ నుంచి దిగి ఇండస్ట్రీకి వెళ్ళాడు. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళకి కంపెనీ పరిశోధన అంటే కొంచెం చిన్నచూపు, అప్పుడూ ఇప్పుడూ.

అక్కడ ఎనిమిదేళ్ళు పనిచేశాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. గర్భవతులకి మన ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు యువకులుగానే స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో రోజుల తేడాతో చనిపోయారు. తనకీ వచ్చి తప్పింది. ఆ జబ్బుకి చికిత్సగా ఉపయోగపడిన పదార్థం ఆయన రెండో ఎంపిక ఉద్యోగంలో తయారైంది. ఫోలిక్ యాసిడ్‌ని కాస్త మార్చి దాని పనిని అడ్డుకునే అణువులు చేస్తే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. లుకేమియాతో ఉన్న పసిపిల్లలకి అమినోప్టెరిన్‌ని ఇచ్చి చూసిన వైద్యుడు సిడ్నీ ఫార్బర్, బోస్టన్‌లో, అదే హార్వర్డ్ నీడలో. హార్వర్డ్ వదులుకున్న మనిషి దగ్గరి నుంచే మందు తిరిగి ఆ ఊరికి వెళ్ళింది. మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు, క్యాన్సర్లకీ, కీళ్ళవాతానికీ. ఇక 1947లో వచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ. గోదావరి జిల్లాల పిల్లలూ, ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్ర గుర్తుందా? అదే. భీమవరం నుంచి బయల్దేరిన మనిషి చేసిన మందు పెరల్ రివర్ మీదుగా మళ్ళీ భీమవరం చేరింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఒకటుంది. ఫోలిక్ యాసిడ్ తయారీ గురించి 1945లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసం మీద 16 మంది పేర్లున్నాయి. సుబ్బారావు పరిశోధన విభాగానికి పెద్ద. ఆయన పేరు ఏడోది. హార్వర్డ్‌లో ఇద్దరి పేర్లతో వ్యాసాలు రాసినవాడు ఇక్కడ పదహారు మందిలో ఒకడయ్యాడు. రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవుల్ని పెంచేవాళ్ళు, జంతువుల మీద పరీక్షించేవాళ్ళు, టన్నుల్లో తయారుచేసేవాళ్ళు అందరూ ఒక్క ఆవరణలో దొరికే చోటు మందుల కంపెనీయే. తనకు దొరికిన చోట ఏముందో చూసి, ఆ చోటుకి తగిన పని ఎత్తుకున్నాడాయన. హార్వర్డ్‌లో చేసిన పనినే కాస్త చిన్న ఎత్తున లెడర్లీలో చేసుకుంటూ కూర్చోలేదు.

మీలో కొందరు ఈపాటికి మనసులో అనుకుంటూ ఉంటారు: ‘సార్, ఆయన మేధావి. నాకు వచ్చింది టెస్టింగ్ ప్రాజెక్టు.’ న్యాయమైన అభ్యంతరమే. ఇలాంటి కథలతో ఒక మోసం ఉంది. బాగా తేలినవాళ్ళ కథలే మనకి చేరతాయి. శాశ్వత పదవి రాక కంపెనీలో చేరి, మామూలుగా పనిచేసి, మామూలుగా రిటైరైన వాళ్ళ గురించి స్నాతకోత్సవాల్లో ఎవరూ చెప్పరు. అందుకని, రెండో ఉద్యోగం మొదటిదానికంటే గొప్పగా తేలుతుందని నేను మీకు మాటివ్వను. ‘అంతా మన మంచికే’ అనే మాట కూడా నా నోట రాదు. కొన్నిసార్లు మంచికి కాదు. పోయింది పోయినట్టే ఉంటుంది.

గణితం మేష్టారు రంగనాథన్ సంగతి అందుకే నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. జీతం చాలక 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా వెళ్ళాడు. వెళ్ళాక ఊపిరాడలేదు. పుస్తకాలు ఉన్నాయి, మనుషులు లేరు, చేసే పని లేదు. కొద్ది రోజులకే పాత కాలేజీకి వెళ్ళి నా ఉద్యోగం నాకిచ్చేయండని అడిగాడు. వాళ్ళు తెలివైనవాళ్ళు. ముందు లండన్ వెళ్ళి గ్రంథాలయ శాస్త్రం చదివి రా, అప్పటికీ విసుగ్గానే ఉంటే వెనక్కి తీసుకుంటాం అన్నారు. లండన్‌లో ఆయన చదివింది కొంత, తిరిగి చూసింది ఎక్కువ. ఊరి గ్రంథాలయానికి కూలివాళ్ళు, పిల్లలు, గృహిణులు రావడం చూశాడు. ఆ పనిని ఇష్టంగా చేసేవాళ్ళు దాన్ని ఎలా చేస్తారో చూశాడు. తిరిగొచ్చాక లెక్కల ఉద్యోగం అడగలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ. లెక్కల బుర్ర ఎక్కడికీ పోలేదు, పుస్తకాల అరల మీద పనిచేసింది.

ఆయన విసుక్కున్నది నిజంగా గ్రంథాలయాన్ని కాదు, మద్రాసులో ఆ రోజు తాళం తీసి చూసిన ఖాళీ గదిని. కొత్త ఉద్యోగంలో మొదటి మూడు నెలలు మీకు కనిపించేది కూడా ఆ ఖాళీ గదే. బెంచ్ మీద కూర్చోబెడతారు, ఎవరూ చదవని డాక్యుమెంట్లు చదవమంటారు. దాన్ని చూసి ఆ పని మొత్తాన్నీ తేల్చేయకండి. ఆ పనిని మీ ఆఫీసులో అందరికంటే బాగా చేసేవాళ్ళు ఒకరుంటారు. పెద్ద హోదా ఉండకపోవచ్చు. వాళ్ళ పక్కన కుర్చీ వేసుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నా కలంతా శ్రీహరికోట చుట్టూ ఉండేది. ఎంపిక కాలేదు. విద్యుత్ బోర్డులో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. మొదటి పోస్టింగ్ ఒక 132 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ డ్యూటీ. గంట గంటకీ మీటర్లు చూసి లాగ్ షీట్‌లో రాయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ వేడి ఎంత, ఏ ఫీడర్ మీద ఎన్ని ఆంపియర్లు, బ్యాటరీ గదిలో సెల్స్ ఎలా ఉన్నాయి. ఇందుకా నాలుగేళ్ళు చదివింది అనిపించేది.

అక్కడొక ఎల్‌సీ రిజిస్టర్ ఉండేది. బయటి పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతాను. లైన్ మీద మరమ్మతు చేయాలంటే సిబ్బంది సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. మేం బ్రేకర్ తీసి, ఐసోలేటర్లు తెరిచి, ఎర్తింగ్ చేసి, ఎవరికి, ఎన్ని గంటలకి, ఏ ఫీడర్ మీద ఇచ్చామో రాసి సంతకం పెట్టాలి. తీసుకున్న మనిషే పని ముగించి తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఆ ఫీడర్‌లోకి కరెంటు వదలకూడదు. ఒకరోజు సాయంత్రం ఒకే ఫీడర్ మీద రెండు గ్యాంగులు రెండు ఎల్‌సీలు తీసుకున్నాయి. ఒకటి తిరిగొచ్చింది. రెండోది రాలేదు. ఊళ్ళో చీకటి పడింది. ఫోన్ మోగుతూనే ఉంది, ఊరి పెద్దలు, ఇంకా పెద్దలు. ‘వాళ్ళ పని ఎప్పుడో అయిపోయుంటుంది, వదిలేయవయ్యా’ అని. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. రెండో గ్యాంగు ఎక్కడుందో కనుక్కునే మార్గం లేదు. నాతో డ్యూటీలో ఉన్న ఆపరేటర్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, ‘ఎల్‌సీ రాలేదండీ’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ అదే ముక్క. చాలాసేపటికి లైన్‌మన్ సైకిలు తొక్కుకుంటూ వచ్చి సంతకం పెట్టాడు. అతను అంతసేపూ పొలాల్లో స్తంభం మీదే ఉన్నాడు.

ఆ ఆపరేటర్ దగ్గర నేను నేర్చుకున్నది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్ళకి లోడ్ డిస్పాచ్ సెంటర్‌కి మారాను. రాష్ట్రంలో ఎంత కరెంటు వాడుతున్నారో, ఎంత తయారవుతోందో క్షణక్షణం సరిచూసే చోటు అది. తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జరుగుతుంది. మరీ జరిగితే గ్రిడ్డే కూలుతుంది. గ్రిడ్ కూలితే ఎలా ఉంటుందో 2012 జూలై చివర్లో ఉత్తరాది వరసగా రెండు రోజులు చూసింది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పింది మీకు గుర్తుండే ఉంటుంది, మీరు డాబాల మీద దీపాలు పెట్టి ఉంటారు. ఆ తొమ్మిది నిమిషాల కోసం దేశంలో ఉన్న డిస్పాచ్ సెంటర్లన్నీ రెండు రోజులుగా కసరత్తు చేశాయి. లోడు 12 నుంచి 14 వేల మెగావాట్లు పడిపోతుందని అంచనా. పడింది 31 వేల మెగావాట్లు. బొగ్గు కేంద్రాల్ని అంత వేగంగా దించలేం. అందుకని జలవిద్యుత్ యూనిట్లని ముందే బాగా నడిపించి, లైట్లు ఆరేకొద్దీ వాటిని దించి, మళ్ళీ వెలిగేకొద్దీ పైకి లేపారు. ఎవరింట్లోనూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మా పని.

మీలో సపోర్ట్ ప్రాజెక్టుకి వెళ్ళేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. సపోర్ట్ అంటే మన పిల్లలు మొహం మాడ్చుకుంటారు, డెవలప్‌మెంటే ఉద్యోగం అన్నట్టు. అర్ధరాత్రి ఒక బ్యాంకు లెక్కలు సరిచూసే బ్యాచ్ ఆగిపోతే దాన్ని లేపి నడిపించేవాడు సపోర్ట్ వాడే. పొద్దున్న ఎవరో ఒక పెద్దావిడకి పెన్షన్ పడుతుంది. ఆవిడకి మీ కంపెనీ పేరు తెలియదు.

శ్రీహరికోట మాట ఏమైందంటారా? ఆ కోరిక పోలేదు. రాకెట్ ఎగిరిన ప్రతిసారీ ఈ రోజుకీ టీవీ ముందు కూర్చుంటాను, కౌంట్‌డౌన్ చెప్పే గొంతులో నా గొంతు ఉంటే ఎలా ఉండేదా అనుకుంటాను. దాన్ని చంపుకోవాల్సిన పని నాకెప్పుడూ కనిపించలేదు. కోరిక ఒక పక్కన ఉంటుంది, డ్యూటీ ఒక పక్కన నడుస్తుంది.

నాకు భయం వేసేది వేరే చోట. కావాల్సింది రాలేదన్న ఉక్రోషంలో పిల్లలు వెళ్ళే దారులు. లక్షలు పుచ్చుకుని బ్యాక్‌డోర్‌లో పెద్ద కంపెనీలో పెట్టిస్తామనేవాళ్ళు అమీర్‌పేటలోనూ ఉన్నారు, ఆన్‌లైన్‌లోనూ ఉన్నారు. నాన్న ఎకరం అమ్మి ఇచ్చిన డబ్బు అది. లేని మూడేళ్ళ అనుభవానికి కాగితాలు పుట్టించేవాళ్ళున్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ కంపెనీయే కాదు, తర్వాతివీ పోతాయి. అలాగే చేతిలోని ఉద్యోగం వదిలేసి పోటీ పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళు గడిపేవాళ్ళూ ఉన్నారు. ఆ పరీక్షలు రాయొద్దని అనను, రాసి గెలిచినవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. కానీ తెలంగాణలో 2022 నాటి గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాయించి రెండుసార్లు రద్దు చేశారు. తప్పు పిల్లలది కాదు, పోయిన ఏళ్ళు మాత్రం పిల్లలవే. ఆ ఏళ్ళలో చేతిలో జీతం ఉన్నవాడు నిలబడ్డాడు.

వచ్చిన ఉద్యోగం నిజంగానే చెడ్డదైతే? అలాంటివీ ఉంటాయి. జీతం నెలలు నెలలు ఆపేవాళ్ళుంటారు. వెళ్ళిపోండి. దొరికిందానితో తృప్తిపడి పడుండమని నేను అనడం లేదు. చేరే ముందే బాండ్ కాగితం పూర్తిగా చదవండి, ఎన్నేళ్ళు, మధ్యలో మానితే ఎంత కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి. మానేటప్పుడు నోటీస్ పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని రండి. చెప్పాపెట్టకుండా మాయమైతే ఆ కాగితం లేక తర్వాతి ఆఫీసులో ఇరుక్కుంటారు.

చివరగా తల్లిదండ్రులకి ఒక మనవి. మీరు అప్పుచేసి చదివించారు. బ్యాంకు కిస్తీ ఎప్పుడు మొదలవుతుందో మీకు తెలుసు. ప్యాకేజీ ఎంతని అడగడంలో తప్పులేదు, అడగండి. పక్కింటివాళ్ళ అబ్బాయికి ఎంతన్నది మాత్రం ఈ ఏడాదికి వదిలేయండి. ఆరు నెలల తర్వాత పండక్కి ఇంటికొచ్చినప్పుడు, భోజనం వడ్డిస్తూ, ‘అక్కడ నువ్వు చేసే పనేంటమ్మా, నాకు అర్థమయ్యేట్టు చెప్పు’ అనండి. మొదటిసారి సరిగ్గా చెప్పలేరు, వాళ్ళకే ఇంకా పూర్తిగా తెలిసి ఉండదు. తర్వాతి పండక్కి మళ్ళీ అడగండి.